మజ్జాముఖం కొలిచేది, పాన్స్ మలిచేది



బొగ్గుబాయిలోకి షిఫ్టు దిగకముందే మైనింగ్ సర్దార్ తనకు అప్పజెప్పిన డిస్ట్రిక్ట్ అంతా తిరిగి గాలిని పరీక్షిస్తాడు. ఇప్పుడు మీటర్లు వచ్చాయి గానీ, సేఫ్టీ ల్యాంప్ చేతబట్టుకుని తిరిగిన తరం గోదావరిఖనిలో, యైటింక్లయిన్ కాలనీలో ఇంకా మన మధ్యే ఉంది. ఆ దీపం రెండు కబుర్లు చెప్పేది. మంట మీద నీలిరంగు టోపీ కనబడితే మీథేన్ ఉన్నట్టు. మంట సన్నబడి కొండెక్కితే ప్రాణవాయువు తగ్గినట్టు. మామూలు గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతం ఉంటుంది. అది 16, 17 శాతానికి దిగేసరికి దీపం ఆరిపోతుంది. ఈ రెండో కబురు వింటే నాకు ఎప్పుడూ ఒక అనుమానం వచ్చేది. గాలి పీల్చేది మనిషి, ప్రాణవాయువు కావలసింది మనిషికి. అది తగ్గిందని చెప్పడానికి మాత్రం దీపం కావాలా? మన ఒంటికి ఆ మాత్రం తెలియదా?

తెలియదు. తెలిసినా ఆలస్యంగా, అరకొరగా తెలుస్తుంది. ఎందుకు తెలియదో అర్థం కావాలంటే మెదడు కాండం గురించి రెండు మాటలు చెప్పుకోవాలి.

మెడ మీద తల ఆనే చోట, పుర్రె లోపలి అడుగున ఉంటుందిది. పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు. పైన మధ్య మెదడు, నడుమ పాన్స్, అడుగున మజ్జాముఖం. మధ్య మెదడును ఇవాళ్టికి పక్కన పెడదాం. పాన్స్ రెండున్నర సెంటీమీటర్లు, మజ్జాముఖం మూడు సెంటీమీటర్లు ఉంటాయి. బళ్లో చదివేటప్పుడు ఈ రెంటికీ కలిపి మహా అయితే ఒక మార్కు వచ్చేది, అందుకే చాలామందికి రెండూ ఒకటిగానే గుర్తుంటాయి. కట్టడంలోనే అవి వేరు. పాన్స్ ముందుకు ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులో నాడీతంతువులు ఎక్కువగా అడ్డంగా పోతాయి. పెద్ద మెదడు చేతికో కాలికో ఏం చెబుతోందో దాని నకలు ఇక్కడికి వచ్చి, మలుపు తిరిగి, వెనకనున్న అనుమస్తిష్కానికి చేరుతుంది. మన కదలిక తడబడకుండా చూసేది అనుమస్తిష్కమే. మజ్జాముఖంలో తంతువులు నిలువుగా దిగుతాయి. దాని చిట్టచివర, వెన్నుపాము మొదలయ్యే చోట, కదలికలకు సంబంధించిన తంతువుల్లో నూటికి ఎనభై, తొంభై ఎడమవి కుడికి, కుడివి ఎడమకు దాటుకుంటాయి. ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి పడిపోవడానికి కారణం ఆ దాటుడే.

పనుల పంపకం కూడా చూడండి. నమలడం, ముఖం కదలడం, కన్ను పక్కకు తిరగడం, చెవి వినడం, వీటి నాడులు పాన్స్ దగ్గర బయలుదేరతాయి. మింగడం, గొంతు పెగలడం, నాలుక తిరగడం, గుండె వేగం, రక్తపోటు మజ్జాముఖం చేతిలో ఉంటాయి. ఊపిరి విషయంలో మాత్రం ఇద్దరికీ వాటా ఉంది. ఆ వాటాలు సమానం కావు.

ఊపిరి పుట్టేది మజ్జాముఖంలో. ఫ్రెంచి వైద్యుడు లెగల్వా కుందేళ్ల మీద ప్రయోగాలు చేసి 1812 నాటికే ఈ సంగతి చెప్పాడు. పైనున్న మెదడునంతా తీసేసినా కుందేలు శ్వాసిస్తూనే ఉంది, మజ్జాముఖంలో ఒక చోట కోత పడగానే ఆగిపోయింది. ఆ చోటును మరింత నికరంగా, ప్రిబోట్జింగర్ అనే చిన్న కణాల గుంపుగా గుర్తించేసరికి 1991 వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా, మనం నిద్రపోయినా మరిచిపోయినా ఆగకుండా అది దరువు వేస్తూనే ఉంటుంది.

మరి దరువు ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి? దానికి మజ్జాముఖం చూసుకునే కొలత ప్రాణవాయువు అని మనం అనుకుంటాం. నిజానికి అది బొగ్గుపులుసు వాయువు. ఒంట్లో పుట్టిన బొగ్గుపులుసు వాయువు రక్తంలో కరిగి, మెదడు చుట్టూ ఉన్న ద్రవంలోకి చేరి, దాన్ని కొంచెం ఆమ్లంగా మారుస్తుంది. మజ్జాముఖం ముందు పక్కనున్న కణాలు ఆ ఆమ్లాన్ని పసిగడతాయి. వెంటనే ఊపిరి వేగం పెరుగుతుంది. ఈ కొలత ఎంత నిశితమో 1905లో జాన్ స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్లీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఊపిరితిత్తుల లోపలి గాలిలో బొగ్గుపులుసు వాయువు 0.2 శాతం పెరిగితే చాలు, పీల్చే గాలి రెట్టింపవుతుంది.

ఈ హాల్డేన్ ప్రయోగశాలలో కూర్చున్న మనిషి కాడు. బొగ్గుబాయిల్లో పేలుడు జరిగిందంటే లోపలికి దిగి, చనిపోయినవాళ్ల రక్తం పరీక్షించేవాడు. పేలుళ్లలో ఎక్కువమంది దెబ్బకు గానీ మంటకు గానీ పోవడం లేదనీ, తర్వాత కమ్ముకునే కార్బన్ మోనాక్సైడ్‌కు పోతున్నారనీ 1896లోనే ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. గనిలోకి చిన్న పిట్టనో, ఎలుకనో వెంట తీసుకుపొమ్మని చెప్పిందీ ఆయనే. చిన్న ప్రాణి కనుక మనిషి కంటే ముందు పడిపోతుంది, అది చూసి మనిషి వెనక్కి రావచ్చు. బ్రిటన్ గనుల్లో ఆ పసుపుపచ్చ కానరీ పిట్టలు 1986 దాకా ఉద్యోగం చేశాయి.

ఆయన కొడుకు కథ మనకు ఇంకా దగ్గరిది. జె.బి.ఎస్. హాల్డేన్ చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడు తండ్రి అతన్ని ఒక గనిలోకి తీసుకుపోయి, పైకప్పు దగ్గర మీథేన్ చేరిన చోట నిలబెట్టి, షేక్స్పియర్ నాటకంలోని ఒక ఉపన్యాసం అప్పజెప్పమన్నాడు. పిల్లవాడు కొంత చెప్పాడు, రొప్పు వచ్చింది, కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. కింద గాలి బాగానే ఉంది, లేచి కూర్చున్నాడు. మీథేన్ తేలిక కనుక పైన చేరుతుందని అతనికి మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇవాళ ఏ తండ్రైనా ఆ పని చేస్తే ఊరుకుంటామా? పెద్దయ్యాక ఆ పిల్లవాడు జగమెరిగిన జీవశాస్త్రవేత్త అయ్యాడు, 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. ఆనాడు గనిలో రొప్పిన ఆ దేహం చివరికి తెలుగునేల మీది విద్యార్థులకు పాఠమైంది.

ఇప్పుడు మన దీపం దగ్గరికి వద్దాం. మజ్జాముఖం బొగ్గుపులుసు వాయువును కొలుస్తుందని చెప్పాను కదా. అయితే బాయిలో ప్రాణవాయువు తగ్గే తీరు రెండు రకాలు. గాలి ఆడని మూల బొగ్గుపులుసు వాయువు పేరుకుంటే మజ్జాముఖం అరిచి చెబుతుంది. గాలిలో అది మూడు శాతం ఉంటే చాలు, శ్వాస రెట్టింపవుతుంది. ఐదారు శాతానికి రొప్పు, తలనొప్పి. మనిషి తనంతట తనే బయటికి నడుస్తాడు. రెండో తీరు వేరు. బొగ్గు తవ్వేసి మూసేసిన పాత గోఫ్‌లో మిగిలిన బొగ్గు అక్కడి ప్రాణవాయువును మెల్లగా తినేస్తుంది. మీథేన్ చేరి గాలిని నెట్టేస్తుంది. అక్కడ మనిషి ఊపిరి తీస్తూ వదులుతూనే ఉంటాడు, వదిలే ప్రతిసారీ తన ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతూనే ఉంటుంది. మజ్జాముఖం కొలతలో ఏ తేడా రాదు. అంతా బాగానే ఉందని అది నమ్ముతుంది, మనిషీ నమ్ముతాడు. ప్రాణవాయువు మరీ పడిపోయిన చోటైతే పది పదిహేను క్షణాల్లో కాళ్ల కింద నేల జారిపోతుంది. అతన్ని లేపబోయిన రెండోవాడూ పడతాడు. వ్యవసాయ బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఒకరి తర్వాత ఒకరు పోయిన వార్తలు మనం ఏటా వింటూనే ఉన్నాం. అందులో ధైర్యం తక్కువైన వాడు ఒక్కడూ లేడు.

ప్రాణవాయువును చూసే కణాలు అసలే లేవా అంటే, ఉన్నాయి. మెడలో నాడి చూసే చోట, పెద్ద రక్తనాళాలు చీలే దగ్గర చిన్న గుళికలుగా ఉంటాయి. వాటి పని వివరించినందుకు బెల్జియం శాస్త్రవేత్త హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. అవి కబురు పంపేది కూడా మజ్జాముఖానికే. కాని రక్తంలో ప్రాణవాయువు బాగా పడిపోతే తప్ప అవి గట్టిగా స్పందించవు. చిన్న హాల్డేన్‌కు రొప్పు వచ్చింది వాటివల్లనే, వచ్చిన కాసేపటికే కాళ్లు తేలిపోయాయి.

కార్బన్ మోనాక్సైడ్ దగ్గర అవీ మోసపోతాయి. ఈ వాయువు రక్తంలోని ఎర్ర రంగు పదార్థాన్ని ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రక్తం మోసే ప్రాణవాయువు సగానికి సగం తగ్గిపోతుంది గానీ, రక్తద్రవంలో కరిగి ఉన్న ప్రాణవాయువు ఒత్తిడి మామూలుగానే ఉంటుంది. మెడలోని గుళికలు చూసేది ఆ ఒత్తిడినే. కనుక అవి పలకవు. బొగ్గుపులుసు వాయువు పెరగదు కనుక మజ్జాముఖమూ పలకదు. వాసన లేదు, రంగు లేదు, రొప్పు లేదు. సింగరేణి బొగ్గుకు తనంతట తాను వేడెక్కి రాజుకునే గుణం ఉందని ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అలా రాజుకున్నప్పుడు మొదట పుట్టేది ఈ వాయువే. 1994 జనవరి 25న పశ్చిమబెంగాల్‌లోని న్యూకెండా గనిలో నిప్పు పుట్టినప్పుడు 55 మంది ఊపిరాడక పోయారు. గోదావరిఖని అంటే మనకు 2003 జూన్ 16న సెవెన్ ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మందిని పొట్టన పెట్టుకున్న రోజు గుర్తొస్తుంది. నీటికి చప్పుడు ఉంటుంది. ఈ వాయువుకు అదీ లేదు.

నడుముకు కట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్ అందుకే. పాత రకం పెట్టెలో హోప్కలైట్ అనే రసాయనం ఉండేది, అది కార్బన్ మోనాక్సైడ్‌ను బొగ్గుపులుసు వాయువుగా మార్చేది. మజ్జాముఖానికి తెలియని దాన్ని తెలిసినదానిగా మార్చడమన్నమాట. కాని గాలిలో ప్రాణవాయువే లేకపోతే అది ఏమీ చేయలేదు, కనుక తనే ప్రాణవాయువు పుట్టించే రకం వచ్చింది. రామగుండం రెస్క్యూ స్టేషన్‌లో తర్ఫీదు పొందినవాళ్లు వీపున మోసే పరికరం ఇంకో రకం. వదిలిన ఊపిరినే శుభ్రం చేసి, ప్రాణవాయువు కలిపి తిరిగి ఇస్తుంది. అందులో బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే రసాయనం అయిపోతే రొప్పు మొదలవుతుంది. ఇక్కడ మాత్రం మజ్జాముఖం నమ్మకంగా పని చేస్తుంది.

ఊపిరి కథలో ఇంతసేపూ పాన్స్ మాట రాలేదు. ఊపిరి పుట్టించడంలో దానికి వాటా లేదు మరి. పుట్టిన ఊపిరిని మలచడం దాని పని. 1923లో లమ్స్డెన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త పిల్లుల మెదడు కాండాన్ని ఒక్కో ఎత్తులో కోసి చూశాడు. పాన్స్ పై భాగాన్ని వేరు చేసి, ఊపిరితిత్తుల నుంచి వచ్చే నాడిని కూడా కోసేస్తే, పిల్లి గాలి పీల్చి అలాగే బిగబట్టి ఉండిపోయింది. వదలడం మరిచిపోయింది. పాన్స్ మొత్తాన్నీ వేరు చేస్తే ఎగశ్వాస మిగిలింది, ఎగుడుదిగుడుగా ఉన్నా శ్వాస ఆగలేదు. అంటే పీల్చింది చాలు, ఇక వదులు అని చెప్పేది పాన్స్. మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు, బరువెత్తేటప్పుడు ఊపిరి ఒక్కోలా సర్దుకోవడంలోనూ దాని చెయ్యి ఉంది. పాన్స్ లేకపోతే ఊపిరి వికారమవుతుంది. మజ్జాముఖం లేకపోతే ఊపిరే ఉండదు.

పాన్స్ అసలు దొరతనం చూడాలంటే నిద్ర దగ్గరికి పోవాలి. రాత్రి షిఫ్టు చేసినవాళ్లకు ఈ సంగతి నాకంటే బాగా అనుభవం. పాన్స్ వెనక పక్కన నీలిరంగు చుక్క ఒకటి ఉంటుంది, లోకస్ సెరూలియస్ అంటారు. మనం మెలకువగా ఉన్నంతసేపూ అది మెదడంతటినీ తట్టి లేపుతూ ఉంటుంది. నిద్రలో నెమ్మదిస్తుంది. కలల నిద్రలో పూర్తిగా ఊరుకుంటుంది. కలల నిద్రను మొదలుపెట్టేదీ పాన్సే. ఫ్రాన్సులో మిషెల్ జూవె 1960 ప్రాంతంలో ఈ సంగతి పట్టుకున్నాడు. పాన్స్‌లో ఒక చిన్న చోటు దెబ్బతిన్న పిల్లులు నిద్రలోనే లేచి, లేని ఎలుకల మీదికి దూకేవి. మామూలుగా కల వచ్చేటప్పుడు పాన్స్ ఒంట్లోని కండరాలన్నిటికీ తాళం వేస్తుంది. ఆజ్ఞ పాన్స్‌ది, దాన్ని వెన్నుపాముకు దించేది మజ్జాముఖం. కళ్లనూ, ఊపిరి తీసే డయాఫ్రమ్‌నూ మాత్రం ఆ తాళం ముట్టదు.

ఒక్కోసారి మెలకువ ముందు వస్తుంది, తాళం తర్వాత తెరుచుకుంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి, వేలు కదలదు, గొంతు రాదు, గుండెల మీద ఎవరో కూసున్నరు అనిపిస్తుంది. మన పల్లెల్లో దయ్యం అదిమిందంటారు. నిద్ర వేళలు తారుమారయ్యే వాళ్లకు ఇది ఎక్కువ. భూతవైద్యుడికి ఇచ్చే డబ్బు కిటికీకి మందపాటి తెర కొనడానికి పెట్టమని నేను చెబుతాను. కారణం ఇదీ. కలల నిద్ర ఎక్కువగా వచ్చేది తెల్లవారుజామున. ఆ వేళను నిర్ణయించే గడియారం పాన్స్‌లో లేదు, పైన హైపోథలమస్‌లో ఉంది, అది వెలుతురును చూసి నడుస్తుంది. ఆ వేళకు రాత్రి షిఫ్టు మనిషి బొగ్గు ఫేసు దగ్గరో, ఓపెన్‌కాస్టులో డంపర్ మీదో ఉంటాడు. పొద్దున ఇంటికి వచ్చి పడుకుంటే గడియారం లేవమంటుంది, రామగుండం ఎండ లేవమంటుంది, వీధిలో కూరగాయల బండి లేవమంటుంది. ఇన్ని దశాబ్దాలుగా ఈ సింగరేణి క్వార్టర్లలో పగలు పడుకునే మనుషులు ఉన్నారు. పగటిపూట చీకటి చేసుకోగలిగే గది ఒక్కటైనా ఉండేలా వాటిని ఎందుకు కట్టలేదో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

పక్షవాతంలోనూ ఈ రెంటి తేడా తెలుస్తుంది, ఇది ఇంటివాళ్లు తెలుసుకోవలసిన తేడా. మజ్జాముఖం పక్క భాగానికి రక్తం ఆగితే చెయ్యీ కాలూ పడిపోకపోవచ్చు. తల తిరుగుతుంది, వాంతులు, ఆగని ఎక్కిళ్లు, గొంతు బొంగురు, నీళ్లు మింగితే పొరపోవడం. ముఖానికి ఒక పక్క, ఒంటికి రెండో పక్క వేడి తెలియదు. వాలెన్‌బర్గ్ అనే జర్మన్ వైద్యుడు 1895లో దీన్ని వర్ణించాడు. చెయ్యి లేస్తోంది కదా, పక్షవాతం కాదు, గ్యాస్ ట్రబుల్ అయి ఉంటుందని ఇంట్లో కూర్చోబెడితే సమయం పోతుంది. పాన్స్‌కు వచ్చే దెబ్బ వేరు. బీపీ మందులు మానేసినవాళ్లలో అక్కడ రక్తనాళం చిట్లితే కొద్ది నిమిషాల్లోనే స్పృహ పోవచ్చు, కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోతాయి. చిట్లకుండా మూసుకుపోయి పాన్స్ ముందు భాగం ఒక్కటే దెబ్బతింటే ఇంకో స్థితి వస్తుంది. మనిషికి తెలివి ఉంటుంది, అన్నీ వినిపిస్తాయి. కాలూ చెయ్యీ ముఖమూ గొంతూ ఏదీ కదలదు. కన్ను పైకీ కిందికీ తిప్పడం, రెప్ప వేయడం మాత్రం మిగులుతాయి. కన్నును పైకీ కిందికీ తిప్పే చోటు మధ్య మెదడులో ఉంది కనుక. 1995లో ఇలా అయిన ఫ్రెంచి సంపాదకుడు జాన్ డొమినిక్ బోబీ ఎడమ కంటిరెప్పతో ఒక్కో అక్షరం సైగ చేసి పుస్తకమే రాయించాడు. స్పృహ లేదనుకున్న మనిషిని వదిలేయకముందు, ఒకసారి పైకి చూడమని చెవి దగ్గర చెప్పి చూడండి.

చివరిగా ఒక పరీక్ష సంగతి. రాజీవ్ రహదారి మీద ప్రమాదం జరిగి తలకు పెద్ద దెబ్బ తగిలిన మనిషిని ఐసీయూలో వెంటిలేటర్ మీద పెడతారు. కొన్ని రోజులకు బ్రెయిన్ డెడ్ అన్న మాట వస్తుంది. గుండె కొట్టుకుంటోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, ఎలా నమ్ముతాం అని ఇంటివాళ్లు అడుగుతారు. అడగాలి కూడా. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యులు కలిసి మెదడు కాండాన్ని పై నుంచి కిందికి పరీక్షిస్తారు. వెలుతురుకు కంటిపాప స్పందిస్తుందా అన్నది మధ్య మెదడు ప్రశ్న. కంటి నల్లగుడ్డును దూదితో తాకితే రెప్ప పడుతుందా, చెవిలో చల్లటి నీళ్లు పోస్తే కళ్లు కదులుతాయా అన్నవి ముఖ్యంగా పాన్స్ ప్రశ్నలు. గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తుందా అన్నది మజ్జాముఖం ప్రశ్న. ఇవన్నీ లేవని తేలాకే ఆఖరిదైన ఆప్నియా పరీక్ష. ఊపిరితిత్తులకు ప్రాణవాయువు నిండుగా అందిస్తూనే వెంటిలేటర్ ఊదడం ఆపుతారు. బొగ్గుపులుసు వాయువును పెరగనిస్తారు. రక్తంలో దాని ఒత్తిడి మామూలుగా 40 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని 60 దాకా రానిస్తారు. మజ్జాముఖంలో కొనప్రాణం ఉన్నా అంతటి పెరుగుదలకు రొమ్ము ఒక్కసారైనా ఎగరాలి. ఎగరకపోతే ఆరు గంటలు ఆగి పరీక్షలన్నీ మళ్లీ చేయాలి.

రెండు సార్లు చేశాకే అవయవదానం మాట వస్తుంది. మన దగ్గర ఆ పని చూసే జీవన్‌దాన్ కార్యక్రమం 2013లో మొదలైంది, నిమ్స్ నుంచి నడుస్తోంది. దానానికి ఒప్పుకోవాలా వద్దా అన్నది పూర్తిగా ఆ కుటుంబం ఇష్టం. ఏ నిర్ణయం తీసుకున్నా వైద్యుణ్ని ముందుగా అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. ఆప్నియా పరీక్ష రెండు సార్లూ చేశారా? బొగ్గుపులుసు వాయువు ఎంత దాకా వచ్చింది? కేస్‌షీట్‌లో ఆ అంకెలు రాసి ఉంటాయి, చూపించమనండి.